రెండింటికి రమ్మను

పాస్టరు రామ్‌సయర్ గొంతు సవరించుకుని మొదటి కాగితం పైకెత్తగానే ఎల్స్‌బెత్ ఒళ్ళో చేతులు బిగించుకుంది. మొదలైంది. ఇక ఆ వాక్యం వచ్చేదాకా కదలకుండా కూర్చోవాలి, అంతవరకూ మొగుడు వాల్టర్ తన గురించి తాను రాసుకున్న దండకమంతా వినాలి. బెర్న్‌లో చచ్చినవాడు పాలవాడైనా రాయబారైనా చర్చిలో వాడి జీవితకథ చదవాల్సిందే, ఇంట్లోవాళ్ళు రాసిస్తారు, పాస్టరు చదువుతాడు, తర్వాత అందరూ వెళ్ళి పంది తొడమాంసమూ బంగాళాదుంపల సలాడూ తింటారు. వాల్టర్ ఏష్లిమన్ మాత్రం ఇంట్లోవాళ్ళని నమ్మలేదు. చెయ్యి వణకడం మొదలవకముందే తన కథ తానే రాసుకున్నాడు, ఆయన పుట్టిరి, ఆయన చదివిరి అని, ఎవరో పరాయి మహానుభావుడి సంగతి చెబుతున్నట్టు రాసి, నీలం అట్టలో పెట్టి, ఎల్సీ, ఇందులో ఒక్క అక్షరం మార్చకు అని చెప్పి మరీ పోయాడు. మార్చలేదు నాయనా, ఒక్క అక్షరం మార్చలేదు. ఒక వాక్యం చేర్చాను, అంతే. గేటు దగ్గర ఏం జరిగిందో చెప్పే వాక్యం. ఆ వాక్యం కోసమే వెనక ఆఖరి బల్ల మీద, తలుపు పక్కన, నీవెస్ కూర్చుని ఉంది, బీల్ నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చి. ఆవిడ అన్న లిసాండ్రో నలభై ఏళ్ళ కిందట, వేరే దేశంలో, వాల్టర్ ఎంబసీ గేటు పట్టుకుని నిలబడ్డాడు. గేటు తెరుచుకోలేదు. ఆ తర్వాత అతన్ని చూసినవాళ్ళు లేరు. వాల్టర్ మనుషులందరి ముందూ ఒక్కసారి ఆ సంగతి పైకి చెప్పిస్తానని ఎల్స్‌బెత్ ఆవిడకి మాటిచ్చింది. ఇవాళ తప్పితే మరి లేదు, జీవితకథ ఎవరికీ రెండోసారి చదవరు.

“వాల్టర్ ఏష్లిమన్ గారు ట్రూబ్ గ్రామ పౌరులు. పాడి పరిశ్రమతో తరతరాల అనుబంధము గల కుటుంబమున జన్మించిరి...” అనుబంధమట! వాళ్ళ నాన్న చీజ్ చేసేవాడు, రాగి గంగాళంలో మోచేతుల దాకా చేతులు ముంచి పాలు కలిపేవాడు, ఆ చేతులు పండగనాడు కూడా పులిసిన వాసన కొట్టేవి. పెళ్ళికి ముందు మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ముసలాయన ఆ చేత్తోనే ఎల్స్‌బెత్ చెయ్యి పట్టుకుని, దా పిల్లా, కూర్చో, వీడు ఇంట్లో నోరు విప్పడు గానీ పరాయి దేశాల్లో మాట్లాడినందుకు జీతమిస్తారట, అని పగలబడి నవ్వాడు. మంచి మనిషి. వాల్టర్ ఆ వాసన ఎక్కడ అంటుకుంటుందోనని జీవితమంతా నిమ్మపూల అత్తరు పూసుకు తిరిగాడు. పైగా ట్రూబ్! ఆ ఊళ్ళో ఒక్క రాత్రి పడుకున్న పాపాన పోలేదు, ముత్తాతకి ముత్తాత ఎవరో అక్కడివాడని పాస్‌పోర్టులో ఆ ఊరి పేరు ఎక్కింది, అంతే. పక్కన కూర్చున్న ఆడపడుచు మార్‌గ్రిత్ చేతిరుమాల్లోంచి ముఖం పైకెత్తి, “వదినా, నాన్న పేరు చదవలేదేంటి?” అంది. “ముందుంది, ఊరుకో,” అంది ఎల్స్‌బెత్. ముందు లేదు. ఆ నీలం అట్టలో మంత్రుల పేర్లు పదమూడున్నాయి, గుర్రం పేరు ఒకటుంది, చీజ్ చేసిన నాన్న పేరు ఎక్కడా లేదు. అన్న పోయాడని పాపం ఈ పిచ్చిది ఉన్న కన్నీళ్ళన్నీ ఖర్చు పెట్టేస్తోంది.

చలి. ఈ చర్చిలో వేడి గొట్టాలు బల్లల కింద ఉంటాయి, అరికాళ్ళు ఉడుకుతాయి, మోకాళ్ళు గడ్డకడతాయి, ఏ సంగతీ పూర్తిగా ఉండకూడదని మన దేశంలో చట్టం ఉన్నట్టుంది. బల్ల మీద మట్టి కలశం, అందులో వాల్టర్. అంత పొడుగు మనిషి, తలుపు ఎత్తు చాలదని ప్రతి ఎంబసీలోనూ గొణిగినవాడు, ఊరగాయ జాడీలో పట్టాడు. పక్కన తెల్ల గులాబీలు, తెల్ల రిబ్బను, వాల్టర్ ముందే రాసిపెట్టాడు, ఎర్రవి వద్దు, ఎరుపు ఏదో పక్షం వహించినట్టు ఉంటుంది అని. చచ్చాక కూడా తటస్థమే! గోడ మీద పిల్లి నయం, అది ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక పక్కకి దూకుతుంది. పాస్టరు రెండో కాగితం తిప్పాడు. చదవడం బాగానే చదువుతున్నాడు కుర్రాడు, పుస్తకాల భాష తప్పు లేకుండా, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ. ఆ గొంతు వింటుంటే నిన్న ఫోన్‌లో నసిగిన నసుగుడే గుర్తొస్తోంది. “ఏష్లిమన్ అమ్మగారూ, ఒక చిన్న విషయం... ఐదో కాగితంలో చేత్తో రాసిన వాక్యం ఒకటుంది కదా, అది కూడా చదవాలంటారా? కొంచెం... కొంచెం పొడుగ్గా ఉందండీ.” పొడుగ్గా ఉందట! పిరికి వెధవ. పొడుగు కాదు నాయనా, పదును, అది చెప్పడానికి నోరు రాక పొడుగంటున్నావు. “చదువు బాబూ, ఉన్నది ఉన్నట్టు చదువు,” అంది ఎల్స్‌బెత్. “అలాగేనండీ, అందరికీ సమ్మతమైతే నాకేం...” అని పెట్టేశాడు. అందరికీ సమ్మతమైతే! ఈ దేశంలో నిజం చెప్పాలన్నా ముందు అందరి సంతకాలూ కావాలి. ఇప్పుడు అక్కడికి వచ్చాక గుటకలు మింగి దాటేస్తే? దాటేస్తే ఏం చెయ్యాలో ఎల్స్‌బెత్ ఆలోచించుకోలేదు. వెనక్కి తిరిగి చూడాలనుంది, ముందు బల్లవాళ్ళు వెనక్కి తిరగరు.

“...ప్రథమ నియామక కాలమందే ఆయన తన జీవిత సహచరిని కలిసికొనిరి.” ఇదిగో, వచ్చాను నేను. పోయాను కూడా. ఒక వాక్యం, దాని వెంటనే వాణిజ్య ఒప్పందం. కలిసికొనిరట, దారిలో గొడుగు దొరికినట్టు. అప్పటికి అదే ఆఫీసులో ఎల్స్‌బెత్ నాలుగేళ్ళ సీనియరు, మూడు భాషలు, వేళ్ళు చూడకుండా టైపు, వీసా అడగడానికి వచ్చినవాడు అబద్ధమాడుతున్నాడో లేదో వాడి బూట్లు చూసి చెప్పేది. వాల్టర్ ఆ ఏడే కొత్తగా వచ్చాడు, ఎత్తుగా, ఎర్రగా, ఫైలు ఎటు తిప్పి పట్టుకోవాలో తెలియకుండా. పెళ్ళి కుదిరిన వారంలో ఎల్స్‌బెత్ రాజీనామా ఇచ్చింది, పెళ్ళయిన ఆడది ఉద్యోగంలో ఉండకూడదు, రూలు. ఆడవాళ్ళకి ఓటు కూడా లేని రోజులు. కొలువులో ఉండకూడదు గానీ కొలువు మొగుడిది అయితే వంటింటి బల్ల మీద దాన్ని నడపొచ్చు, దానికి రూలు అడ్డం రాదు, జీతం అక్కర్లేదు కాబట్టి. రాత్రి భోజనాలయ్యాక వాల్టర్ కాగితాలు తెచ్చి గిన్నెల పక్కన పెట్టేవాడు. వాడు రాసిన మొదటి చిత్తు చూస్తే నవ్వొచ్చేది, చీజ్ బండ మీద కత్తిగాట్లలా ఉండేవి మాటలు, ముక్కుసూటిగా, మొరటుగా, వాళ్ళ నాన్నలాగే. ఆ మొరటుదనం ఒక్కటే ఎల్స్‌బెత్‌కి వాడిలో నచ్చింది, దాన్నే వాడు ముందు వదిలించుకున్నాడు. “ఎల్సీ, దీన్ని కాస్త గుండ్రంగా చెయ్యి,” అనేవాడు, చుట్ట ముట్టించుకుంటూ. గుండ్రంగా! ఎక్కడా మూల ఉండకూడదు, ఎవరికీ గుచ్చుకోకూడదు, పాము చావకూడదు, కర్ర విరగకూడదు, అసలు పాము వచ్చిందన్న సంగతే తెలియకూడదు. చేసేది. మూడు ఖండాల్లో, ఎన్ని వంటిళ్ళలోనో, ఎన్ని దేశాల నూనె వాసన మధ్యో, కోణాలు కొట్టేసి నున్నగా చేసి ఇచ్చేది, వాడు సంతకం పెట్టేవాడు. ఏష్లిమన్ రాసిన నివేదికలు చదివితే తేనె తాగినట్టుంటుందని పైవాళ్ళు అనేవారట. తేనె కాదర్రా, నేను గిన్నెలు కడిగిన నురగ.

ఆ లోకంలో మాటలకి ఒక తూకం ఉండేది, బయటివాళ్ళకి చెబితే పిచ్చనుకుంటారు. ఊరు తగలబడిపోతుంటే ‘గమనిస్తున్నాము’ అనాలి. శవాలు కనిపిస్తే ‘శ్రద్ధతో గమనిస్తున్నాము’. మన ఇంటి గోడకి తుపాకిగుండు తగిలితే ‘ఆందోళన’. ఆ పైన ‘విచారకరం’, అదే ఆఖరి మెట్టు, అంతకుమించిన మాట మన కోశంలో లేదు, అది వాడితే అవతలివాడి చెంప పగలగొట్టినట్టే లెక్క. వాల్టర్ తన కొలువు మొత్తంలో ఆ మాట రెండుసార్లు వాడాడు, రెండుసార్లూ వాడే ముందు రాత్రి నిద్రపోలేదు, రెండోసారి వాడింది కార్లు నిలిపే స్థలం గురించి. అందుకే ఈ వాక్యం రాసేటప్పుడు ఎల్స్‌బెత్ ఆ మాట కోసం భయపడలేదు, తీసి పెట్టేసింది. విచారకరం. పెట్టాక పెన్ను మూసి చాలాసేపు వంటింటి దీపం కింద అలాగే కూర్చుంది. విను, వెనక బల్ల బ్యూర్గీ, వినండి, పెద్దమనుషులారా. చెంప ఛెళ్ళుమంటుంది ఇవాళ.

రెండో బల్ల మీద బ్యూర్గి బట్టతల కనబడకపోయినా వాడి మిరియాల బిళ్ళ వాసన వస్తోంది, మెడ వెనకే ఉన్నాడు. వాల్టర్ శిష్యుడు, ఆ తర్వాత వాల్టర్ కంటే పెద్ద కుర్చీ ఎక్కినవాడు. ఆ గేటు రోజున బ్యూర్గి కూడా ఉన్నాడు ఆ భోజనాల బల్ల దగ్గర, పాతికేళ్ళ కుర్రాడు, మెడలో రుమాలు కట్టుకుని. వాడికి తెలుసు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాడు ఈ చర్చిలో ఒక్కడుంటే వాడే, వాక్యం వచ్చినప్పుడు వాడి ఊపిరి ఆగుతుంది, అది నా మెడకి తెలుస్తుంది, అనుకుంది ఎల్స్‌బెత్. మూడో కాగితం. “శత్రుత్వమున నున్న రెండు ప్రభుత్వముల నడుమ విశ్వాసపాత్రమైన సంధానకర్తగా...” ఆఁ, ఇది వాడికి మహా ఇష్టమైన ఘట్టం, విందుల్లో గ్లాసు మోగించి మరీ చెప్పేవాడు. ఆ రెండు దేశాలూ మాటలు మానేసుకున్నాయి, ఇదిగో ఈయనగారు ఇటు ఉత్తరం అటూ అటు ఉత్తరం ఇటూ మోశాడు. ఉత్తరంలో ఏముందో చూడకూడదు, చూసినా చూడనట్టు ఉండాలి, చూడనట్టు ఉన్నందుకు గౌరవం. మా వీధిలో పోస్టు తెచ్చే వాడు అదే పని చేస్తాడు, కానీ వాడు కుక్క కరిస్తే కరిచిందని చెబుతాడు. అక్కడి రాజుగారెవరో వాల్టర్‌కి పతకం ఇవ్వబోయారు, మనవాళ్ళు పరాయి పతకాలు తీసుకోకూడదు కదా, వద్దన్నాడు, వద్దని ఇంటికొచ్చి అన్నం మానేశాడు. పెట్టె తెరిచి ఒక్కసారి చూపించి మూసేశారట. ఆ పతకం అంచున నీలం గీత ఉందని చచ్చేదాకా చెప్పాడు. లిసాండ్రో ముఖం ఎలా ఉంటుందో అడిగితే మాత్రం గుర్తులేదన్నాడు, గేటు దగ్గర వెలుతురు ఎదురుగా ఉందట.

కొలువైపోయి బెర్న్‌కి వచ్చాకైనా మనిషవుతాడనుకుంది. ఏమయ్యాడు? ఆ అపార్ట్‌మెంటు కింద బట్టలుతికే గది తాళం దగ్గర తేలాడు. ఎవరి వంతు రోజున వాళ్ళు తాళం తీసుకుని ఉతుక్కుని, మిషను జల్లెడలో బట్టల నుంచి రాలి చేరిన దూది తీసి, తాళం పక్కింటివాళ్ళకివ్వాలి, బెర్న్‌లో పసిపిల్లలకి తెలిసిన సంగతి. పై అంతస్తు ఆవిడ దూది తియ్యలేదు. ఒకే ఒక్కసారి. రెండు దేశాలని కలిపినవాడు మెట్లెక్కి ఆవిడ తలుపు కొట్టి, అమ్మా, దూది తియ్యి అని ఒక్క మాట అనలేకపోయాడు. ‘ఉమ్మడి సదుపాయముల వినియోగమున పరస్పర అవగాహన’ అని కాగితం రాసి లిఫ్టులో అంటించాడు. కింది అంతస్తు కుర్రాడు ఒకడు దాని కింద ‘దూది గురించేనా తాతా?’ అని రాసిపోతే వారం రోజులు అజీర్తి. నవ్వొచ్చింది ఎల్స్‌బెత్‌కి, చర్చిలో, బూడిద ఎదురుగా. మార్‌గ్రిత్ అది ఏడుపనుకుని భుజం మీద చెయ్యి వేసింది. ఉండనీ.

అదిగో ఆ లిఫ్టు దగ్గరే నీవెస్‌కి మాటిచ్చింది. ఆరేళ్ళ కిందట, ఇలాగే చలికాలం మొదట్లో, ఉల్లిపాయల సంత రోజుల్లో. నీవెస్ ఈ దేశానికి వచ్చి ముప్పై ఏళ్ళు, బీల్‌లో బడిపిల్లలకి లెక్కలు చెబుతుంది, మన మాటే మాట్లాడుతుంది, ‘ర’ మాత్రం కాస్త గట్టిగా పలుకుతుంది. గేటు సంగతి వాళ్ళకి ఎంబసీ ఎదురింటి మేడ మీదావిడ చూసి చెప్పిందట, అది అడగడానికే నీవెస్ వాళ్ళింటికి వచ్చింది. వాల్టర్ ఆవిడకి చెయ్యందించాడు, కాఫీ ఇచ్చాడు, వెన్న బిస్కెట్లు ఇచ్చాడు, ఆ దేశపు వాతావరణం గురించి, అక్కడి మామిడిపళ్ళ గురించి, తీరం వెంబడి వేసిన కొత్త రోడ్డు గురించి సాయంత్రం దాకా మాట్లాడాడు. ఆవిడ రెండుసార్లు ‘మా అన్న’ అని మొదలుపెట్టింది, రెండుసార్లూ ఇంకొంచెం పాలు పోసుకోమన్నాడు. వాన పడుతోందని గొడుగు కూడా ఇచ్చాడు, తిరిగి పంపక్కర్లేదని. నోట్లో బెల్లం, చేతిలో గొడుగు. లిఫ్టు దగ్గర ఆవిడ ముఖం కందిపోయి ఉంది. “నాకేం వద్దమ్మా. డబ్బు వద్దు, క్షమాపణలు వద్దు. మా అన్న అక్కడికి వచ్చాడని, ఈయన గేటు తీయలేదని, ఈయన మనుషుల ముందు ఒక్కసారి ఎవరైనా పైకి చెబితే చాలు. వాడు అసలు రానట్టే ఉన్నారు మీరంతా,” అంది. “చెప్పిస్తాను,” అంది ఎల్స్‌బెత్. నీవెస్ ఆ గొడుగు లిఫ్టు దగ్గరే వదిలేసి వానలో వెళ్ళిపోయింది. ఆ రాత్రి నుంచి ఆరేళ్ళు ఎల్స్‌బెత్ వాల్టర్‌ని పొడిచింది, తిండి దగ్గర, మందుల దగ్గర, ఆస్పత్రి మంచం దగ్గర. “ఎల్సీ, అన్ని కోణాల నుంచీ చూడాలి,” అనేవాడు. ఆఖరికి గోడ వైపు తిరిగిపోయాడు, గోడకి ఒకటే కోణం.

నాలుగో కాగితం అయిపోయింది. పాస్టరు నీళ్ళు తాగాడు. ఐదోది తీశాడు.  ఆ గేటు ఉన్న ఊరి ఎండ ఎల్స్‌బెత్ కళ్ళ ముందుకొచ్చింది, కిటికీ తెరల్లోంచి గీతలు గీతలుగా బల్ల గుడ్డ మీద పడే ఎండ, ఆ ఉక్కలో కూడా మధ్యాహ్నం వేడి సూప్ ఉండాల్సిందే వాల్టర్‌కి, బార్లీ సూప్, వాళ్ళ అమ్మ చేసినట్టు. వీధుల్లో సైనికుల లారీలు తిరుగుతున్న మూడో రోజు. పన్నెండింటికి గేటు వేసేస్తారు, రెండింటికి తీస్తారు, గేటు పక్కన ఇత్తడి పలక మీద రాసి ఉంటుంది, దేశాలు తలకిందులైనా ఆ పలకని ఆదివారం ఆదివారం తోమేవాళ్ళు. వాల్టర్ చెంచా ఎత్తాడు. ఫోన్ మోగింది, గేటు దగ్గరి కాపలావాడు. ఎవరో కుర్రాడు చువ్వలు పట్టుకుని వదలట్లేదయ్యా, లోపలికి రానిమ్మంటున్నాడు, వీధి చివర లారీ ఆగింది. వాల్టర్ గడియారం చూశాడు. అదీ, ఆ చూపు, దాన్నే ఎల్స్‌బెత్ ఈ నలభై ఏళ్ళలో ఒక్క పూట క్షమించలేదు. కోపంగా చూడలేదు, భయంగా చూడలేదు, బస్సు ఎప్పుడొస్తుందా అని చూసినట్టు చూశాడు. “భోజనం వేళ. రెండింటికి రమ్మను,” అన్నాడు. ఫోన్ పెట్టి రుమాలు సర్దుకున్నాడు. రాక్షసుడైతే తిట్టుకోవచ్చు, శపించొచ్చు. వీడు రాక్షసుడు కూడా కాదు. దుర్మార్గం చెయ్యడానికైనా కాస్త ఒళ్ళు వంచాలి, వీడు ఏమీ చెయ్యలేదు, సూప్ చల్లారిపోతుందని తాగాడు. రెండోసారి వడ్డించింది ఎల్స్‌బెత్. బ్యూర్గి ఉప్పు అడిగాడు. రెండింటికి, సరిగ్గా రెండింటికి, వాల్టర్ కోటు వేసుకుని తానే స్వయంగా కిందికి దిగాడు, గేటు బార్లా తీశాడు, కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. వీధి ఖాళీ. ఆ సాయంత్రం చిత్తులో ఒకటే ముక్క రాసుకొచ్చాడు, ‘అర్జీదారు హాజరు కాలేదు’. మొదటిసారి గుండ్రంగా చెయ్యమని అడగలేదు. అప్పటికే గుండ్రంగా ఉంది.

“...ఆ దేశమున అసాధారణ పరిస్థితులు నెలకొనిన కాలమున,” అన్నాడు పాస్టరు.

వచ్చింది. దాటెయ్యలేదు. శభాష్ బాబూ, నిన్ను పిరికివాడన్నాను, చెంపలేసుకుంటాను.

“...కార్యాలయ ద్వారము వద్ద ఆశ్రయార్థమై వచ్చిన ఒక వ్యక్తి విషయమై, అప్పటి పనివేళల నియమావళికి లోబడి అవలంబింపబడిన వైఖరి, అనంతర పరిణామముల దృష్ట్యా, విచారకరమైనదిగా పరిగణింపదగియున్నది. తదుపరి వసంతమున ఆయన నూతన నియామకముపై...”

పాస్టరు అక్కడ ఊపిరి తీసుకున్నాడు, పెద్దగా, నిజంగానే, వాక్యం పొడుగు కాబట్టి. ఎల్స్‌బెత్ ఎదురుచూసింది. మెడ వెనక బ్యూర్గి మిరియాల బిళ్ళ ఒక దవడ నుంచి ఇంకో దవడకి మారింది. ఎవరో దగ్గారు, ఉట్టి దగ్గు, చలి దగ్గు. మార్‌గ్రిత్ అదే ఊపులో ముక్కు చీదుకుంది. మంత్రిత్వ శాఖ తరఫున వచ్చిన పెద్దమనిషి కార్యక్రమం కాగితంలో తర్వాతి పాట ఏదో చూసుకుంటున్నాడు. ఛెళ్ళుమనలేదు. ఎక్కడా ఏమీ కాలేదు. చెవిటివాళ్ళ ముందు శంఖం ఊదినట్టా? కాదు కాదు, వీళ్ళ చెవులు బాగానే ఉన్నాయి, శంఖమే మోగలేదు, ఒక వ్యక్తి, ద్వారము, వైఖరి, అవలంబింపబడిన! పేరేది? సూప్ ఏది? గడియారం ఏది? అర్ధరాత్రుళ్ళు కొట్టేసి రాసింది, రాసి కొట్టేసింది, ఎక్కడ మొరటుగా ఉందో అక్కడ రుద్దింది, ఎక్కడ గుచ్చుకుంటోందో అక్కడ నున్న చేసింది, చెయ్యి దానంతటదే చేసింది, ఏభై ఏళ్ళు చేసిన చెయ్యి. వాల్టర్ పోయినా వాడి పని ఆగలేదు. దీన్ని కాస్త గుండ్రంగా చెయ్యి, ఎల్సీ. చేశాను నాయనా. ఎంత గుండ్రంగా చేశానంటే నలభై ఏళ్ళ కిందట పోయిన పిల్లవాడు ఈ చర్చిలో జనం చెవుల మీదుగా చప్పుడు లేకుండా దొర్లిపోయాడు. తిట్టుకుంది, వాల్టర్‌ని కాదు. ఛీ, నీ బతుకు చెడ, ఎల్స్‌బెత్. వాడు కనీసం ఒక మధ్యాహ్నం గేటు వేశాడు. నువ్వు ఆ తాళానికి ఏళ్ళ తరబడి నూనె పెట్టి తుడిచావు.

మిగతాదంతా ఎప్పుడు చదివాడో, పాట ఎప్పుడు పాడారో తెలియలేదు. ఆర్గన్ మోగడం మొదలైంది, మార్‌గ్రిత్ మోచెయ్యి పట్టి లేపింది, కుటుంబం ముందుగా తలుపు దగ్గరికి నడిచి నిలబడాలి, అక్కడ వరుసగా అందరికీ చేతులివ్వాలి. నడిచింది. నడవలో వెనకే బ్యూర్గి వచ్చి చెవి దగ్గరికి వంగాడు. “ఎల్స్‌బెత్, ఆ గేటు ముక్క నువ్వు రాసిందే కదూ? వాల్టర్‌కి అంత చక్కగా రాదు. చెప్పాల్సింది చెప్పావు, ఎవరికీ ఎక్కడా గుచ్చుకోలేదు. భలే.” మిరియాల బిళ్ళ వాసన. నిజంగానే మెచ్చుకుంటున్నాడు, వాడి కళ్ళల్లో తడి కూడా ఉంది, చేతిపని తెలిసినవాడు చేతిపనిని చూసి మెచ్చుకున్నట్టు.

ఆఖరి బల్ల మీదివాళ్ళు ముందు లేవాలి కాబట్టి తలుపు దగ్గర మొదట నిలబడ్డది నీవెస్. నల్ల కోటు గుండీలన్నీ పెట్టుకుని, సంచీ రెండు చేతులతో పట్టుకుని. కళ్ళల్లో కోపం లేదు, అలసట లేదు, ఇంకా ఎదురుచూస్తోంది. ఎల్స్‌బెత్ చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది, “ఎప్పుడు చదువుతారమ్మా ఆ మాట? భోజనాల దగ్గరా?”

పైన గంట కొట్టడం మొదలైంది. పన్నెండు. వరుసలో ఉన్న తలలన్నీ ఒక్కసారి మణికట్ల వైపు వంగాయి, అంతమందీ గడియారాలు చూసుకున్నారు, బస్సు ఎప్పుడొస్తుందా అన్నట్టు. “మీరు కాస్త తొందరగా కానిస్తే,” అన్నాడు బ్యూర్గి నీవెస్‌తో మర్యాదగా, “హోటల్లో బల్లలు పన్నెండుంపావుకి చెప్పాం.”

ఎల్స్‌బెత్ నీవెస్ చెయ్యి వదల్లేదు. రెండో చేత్తో చర్చి తలుపు రెక్క పట్టుకుని లాగింది. బరువైన ఓక్ తలుపు, రెండడుగులు జరిగి ఆగింది, వీపు ఆనించి తోసింది, చీలమండ నొప్పి పుట్టింది, గడియ పడిన చప్పుడు ఆర్గన్ మీదుగా అందరికీ వినపడింది. ఆర్గన్ వాయించేవాడు కూడా ఆపేశాడు. తలుపుకి వీపు పెట్టి నిలబడింది.

“వదినా, ఏం చేస్తున్నావు? అందరూ ఆకలి మీదున్నారు,” అంది మార్‌గ్రిత్.

“కూర్చోండి.”

“ఎల్స్‌బెత్,” అన్నాడు బ్యూర్గి, గొంతు తగ్గించి, “ఇప్పుడు కాదు. వాల్టర్ ఇలాంటిది...”

“నువ్వు కూడా కూర్చో బ్యూర్గి. ఉప్పు అడిగినవాడివి నువ్వే కదా, నీకూ ఉంది అందులో భాగం. అందరూ కూర్చోండి. భోజనం రెండింటికి.”

మనవాళ్ళు కూర్చోమంటే కూర్చుంటారు. గొణుగుతూనే కూర్చున్నారు, కోట్లు ఒళ్ళో పెట్టుకుని, మంత్రిత్వ శాఖ పెద్దమనిషితో సహా. పాస్టరు కాగితాలు గుండెకి హత్తుకుని మెట్టు మీద నిలబడిపోయాడు. అంతమంది ముఖాలు ఒకేసారి ఇటు తిరిగాయి.  పుస్తకాల భాష ఎల్స్‌బెత్ నాలుక మీదికి ఎగదన్నుకొచ్చింది, ఒకానొక సందర్భమున అని, దాన్ని మింగేసింది. ముసలాయన చీజ్ గంగాళం దగ్గర మాట్లాడే మాట వెతుక్కుంది, వంటింటి మాట, దూది తియ్యమని చెప్పే మాట.

“ఈవిడ పేరు నీవెస్. ఈవిడ అన్న పేరు లిసాండ్రో. ఇరవై ఏళ్ళవాడు. చంపడానికి వస్తున్నారని పరుగెత్తుకొచ్చి మా గేటు పట్టుకున్నాడు. మేము సూప్ తాగుతున్నాం. నేనే వడ్డించాను, బార్లీ సూప్. నా మొగుడు గడియారం చూసి రెండింటికి రమ్మన్నాడు.”

ఎవరూ దగ్గలేదు. నీవెస్ సంచీ నేల మీద పెట్టి, ఆఖరి బల్ల మీద మళ్ళీ కూర్చుంది.